ముగ్గు కింద బాణం

ఆరు గంటల రెండు నిమిషాలకు మూలపాడు దగ్గర అడవిలోకి అడుగుపెట్టాను, ఏడులోపు కొండపల్లిలో సీతారావమ్మ గారి వాకిట్లో ఉండాలి, తొమ్మిది కిలోమీటర్లు, నా నలభై నాలుగేళ్ళకూ మొన్న తిన్న క్రిస్మస్ బిరియానీకీ అది కాస్త ఎక్కువే, కానీ ఏడు దాటితే ఆవిడ రంగుల గిన్నెలు పట్టుకుని అరుగు మీదికి వచ్చేస్తుంది, ఆ అరుగు పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో హేమ కూర్చుని ఉంటుంది, ఇద్దరూ మాటల్లో పడతారు, పడకుండా ఎలా ఉంటారు, సీతారావమ్మ గారు కరెంటు స్తంభంతో కూడా మాట్లాడగల మనిషి, హేమ ఆ స్తంభం చేత కూడా మాట్లాడించగల మనిషి. ఆ మాటల్లో ఎక్కడో ఒక మాట పైకి వస్తుంది. నేను పది నెలలుగా మింగి కూర్చున్న మాట అది. హేమ చెవిన ఆవిడ నోటి నుంచి పడకూడదు, నా నోటి నుంచే పడాలి. ఈ గంటలో నాకు కావలసింది అంతే.

మంచు ఇంకా విడలేదు. తలకు కట్టుకున్న లైటు వెలుగు నాలుగడుగుల ముందు వరకే పోయి ఆగిపోతోంది, ఆ నాలుగడుగుల్లో ఒక రాయి, ఒక వేరు, ఎండిన మోదుగ ఆకులు, మళ్ళీ రాయి. బిల్లుడు కొమ్మకు ఎర్ర రిబ్బను వేలాడుతోంది, దారి సరైనదే, జయపాల్ గారు ఈసారి ప్రతి యాభై అడుగులకూ ఒకటి కట్టించారు, రిటైరైన డ్రిల్లు మాస్టారు కదా, ఒకసారి తప్పు జరిగిందంటే ఇక జన్మలో మర్చిపోరు. మా కరకట్ట రన్నర్స్ గుంపుకు ఆయనే పెద్ద. నిరుటి దాకా దారి గీసేదీ గుర్తులు పెట్టేదీ నేనే. ఈ ఏడు నా వల్ల కాదన్నాను, కాలేజీలో ప్రాక్టికల్స్ ఉన్నాయన్నాను, క్రిస్మస్ సెలవుల్లో ప్రాక్టికల్స్ ఏమిటమ్మా వినీలా అని ఆయన అడగలేదు, అడిగి ఉంటే ఇంకో అబద్ధం సిద్ధంగానే ఉంది. బోటనీ చెప్పేదాన్ని కాబట్టి చెట్ల పేర్లు వాటంతట అవే నోట్లో ఆడతాయి, సోమిద, చిగర, రేల, అదిగో తెల్ల పొణికి, దీని కర్రతోనే కొండపల్లిలో బొమ్మలు చేస్తారు, చేతిలోకి తీసుకుంటే బరువే తెలియదు. ఊపిరి రెండడుగులకు లోపలికి, మూడడుగులకు బయటికి. ఇది నేను హేమకు నేర్పిన లెక్క. హేమ నాకు నేర్పింది వేరే, పరిగెత్తుతూ కబుర్లు చెప్పడం. ఇవాళ కబుర్లు చెప్పడానికి పక్కన ఎవరూ లేరు, అందుకే బుర్ర ఇంత వాగుతోంది.

దారులంటే నాకు మొదటి నుంచీ పిచ్చి. ఫోనులో మ్యాపు తెరిచి వేలితో ఒక గీత గీసి, మర్నాడు పొద్దున ఆ గీత మీద నిజంగా కాళ్ళు పెట్టి చూసుకోవడంలో ఉన్న తృప్తి నాకు పెళ్ళిలో కూడా దొరకలేదు, ఈ మాట మా ఆయన స్టీఫెన్‌తోనే అన్నాను, నవ్వాడు, తప్పులేదు అన్నాడు. గుణదల కొండ మెట్లు ఎక్కి దిగి ఏలూరు కాలవ గట్టు పట్టుకుని రామవరప్పాడు దాకా ఒక దారి. పటమటలో బయల్దేరి, రోడ్డు వదిలేసి, పొలాల మధ్య డొంకల్లోంచి కంకిపాడు దాకా ఒకటి, నవంబరులో అటు పోతే కోసిన వరి పనల వాసన బట్టలకు పట్టి ఇంటిదాకా వస్తుంది. బ్యారేజి దాటి ఉండవల్లి గుహల దాకా ఒకటి, అక్కడ రాతిలో తొలిచిన అంతస్తుల ముందు నిలబడి హేమ, ఇంత కొండను తొలిచిన వాళ్ళు మెట్లు మాత్రం ఇంత ఎత్తున పెట్టారేంటే, వాళ్ళకి మోకాళ్ళు లేవా అంది. అన్నిటికంటే నేను గర్వపడ్డ దారి మాత్రం ఇదే, అడవిలో మొదలై కొండ వీపు మీదుగా ఊళ్ళోకి దిగి, బొమ్మలు చేసేవాళ్ళ వీధుల్లోంచి సందు తిరిగి, రెడ్డిరాజుల కోట మెట్లెక్కే దారి. ఆరువందల ఏళ్ళుగా సైన్యాలు తిరిగిన చోట మేము బూట్లు వేసుకుని పరిగెత్తుతాం అని గుంపులో మెసేజీ కూడా పెట్టాను, నా చదువంతా చూపించుకుంటూ.

హేమ నాకు దొరికింది గుణదల మెట్ల మీదే, పన్నెండేళ్ళ కిందట, ఏదో మామూలు శనివారం. నేను పరిగెత్తుతూ ఎక్కుతున్నాను, దిగుతున్నాను, మళ్ళీ ఎక్కుతున్నాను, ఆమె నుదుట పెద్ద బొట్టుతో, చేతిలో కొవ్వొత్తులూ కొబ్బరికాయా పట్టుకుని మేరీమాత మొక్కు తీర్చుకోవడానికి నిదానంగా ఎక్కుతోంది. మూడోసారి ఆమెను దాటుతుంటే, "ఏం మొక్కుకున్నారండీ మీరు, ఇన్నిసార్లు ఎక్కుతున్నారు?" అంది. మొక్కు కాదండీ, ఒళ్ళు తగ్గడానికి అన్నాను. "మరి అమ్మ ఏమనుకోదా, ఆవిడ మెట్లు ఇట్టా వాడుకుంటే?" అంది, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు. మరుసటి శనివారం ఖాళీ చేతులతో, చెప్పులు లేకుండా వచ్చింది, నా పక్కనే పైదాకా పరిగెత్తింది, పైదాకా మాట్లాడుతూనే ఉంది, నేను వగరుస్తున్నాను, ఆమె వాళ్ళ కొల్లేటి ఊళ్ళో ఎవరి పెళ్ళిలో ఎవరు అలిగారో చెబుతోంది. ఆ అండీలు రెండో వారానికి రాలిపోయాయి. ఆ తర్వాత నేను గీసిన ప్రతి దారిలో నాకంటే పది అడుగులు ముందు ఆమె జడ ఊగుతూ ఉండేది.

రాయి. జారింది. పడలేదు, చెయ్యి చిగర కొమ్మకు దొరికింది, ముల్లు గీసుకుంది, పర్వాలేదు. ఆరూ పద్దెనిమిది. రెండున్నర కిలోమీటర్లు అయింది. చీకటి పల్చబడుతోంది, లైటు ఆర్పేశాను, ఆర్పాక అడవి దగ్గరికి వచ్చినట్టయింది, కౌజు పిట్టలు ఎక్కడో పొదలో గోల పెడుతున్నాయి. నాకు ముందు నలుగురో ఐదుగురో ఉన్నారు, వెనక పాతికమంది. ఎవరి అడుగులూ వినపడటం లేదు. ఇలా ఒంటరిగా ఉన్నప్పుడే నిరుడు దారి తప్పి హేమ ఆ రెండు గంటలు ఎలా ఉండి ఉంటుందో అనిపిస్తుంది, రాతి క్వారీ పక్కన, మోకాలు పట్టుకుని, ఫోనులో సిగ్నలు లేక. ఏం ఆలోచించావే అప్పుడు అని అడిగితే, కొట్లో ఐసు కరిగిపోయి ఉంటుందనుకున్నా అంది.

చేపను ఎంచడంలో హేమకు సాటి లేదు, ఇది నేను స్నేహం కొద్దీ అనే మాట కాదు, పటమటలో ఎవరినైనా అడగొచ్చు. కొట్టు మీద పేరు మొగుడు నాగబాబుది, సరుకు ఎంచేది ఆమె. తెల్లవారకముందే స్కూటీ మీద మార్కెట్టుకు పోయి, పెట్టెల మధ్య నడుస్తూ, చెయ్యి కూడా పెట్టకుండా, ఇది నిన్నటిది, ఇది మొన్నటిది, అది తియ్యి అనేది. చేప కన్ను చూసి చెప్పేది, నాలుగు గజాల దూరం నుంచి. ఒకసారి నేను పక్కనుండి చూశాను, అమ్మేవాడు ఒట్టు పెట్టుకుంటున్నాడు, ఇప్పుడే దిగిందమ్మా అని, హేమ అతని ముఖం కూడా చూడకుండా, "నీ ఒట్టు కూడా నిన్నటిదే" అని వెళ్ళిపోయింది. ఆ కన్ను మీద ఆమెకు అంత నమ్మకం. ఆ నమ్మకాన్ని తీసేసింది నేను. బుద్ధిపూర్వకంగా కాదు, ముందు. తర్వాత మాత్రం బుద్ధిపూర్వకంగానే.

నిరుడు, ఇదే డిసెంబరు ఆఖరి శనివారం. అడవిలో రిబ్బన్లు కట్టాం. ఊళ్ళో రిబ్బన్లు నిలవవు, ఎవరో ఒకరు జడకో గేదె కొమ్ముకో కట్టేసుకుంటారు, అందుకని రోడ్డు మీద సున్నం పొడితో బాణాలు గీయాలన్నది నా ఆలోచన. ముందురోజు సాయంత్రం ఐదింటికి బండి మీద వెళ్ళి ప్రతి మలుపులోనూ గీశాను, ప్రతి బాణానికీ ఫొటో తీశాను, రికార్డు రాయించే మేడం బుద్ధి ఎక్కడికి పోతుంది. ముఖ్యమైన మలుపు ఒకటే. నేరుగా పోతే ఇళ్ళు అయిపోయి పాత క్వారీ వైపు అడవి దారి, కుడికి తిరిగితే కోట మెట్లు. ఆ మూల మీద ఒక పెంకుటిల్లు, ఎత్తైన అరుగు, ముందు సిమెంటు రోడ్డు నున్నగా ఉంది, గీయడానికి ఎంతో బాగుందనిపించింది. ఆ ఇంటి వాకిలి ముందే గీశాను. మూడడుగుల బాణం. ధనుర్మాసంలో, ఒక హిందువుల ఇంటి వాకిలి ముందు, సాయంత్రం పూట. మా ఇంట్లో ముగ్గు లేదు. మా అమ్మ శౌరమ్మ డిసెంబరు వస్తే చూరుకు నక్షత్రం కట్టేది, పశువుల పాక పేర్చేది, వాకిలి చిమ్మేది కానీ ముగ్గు వేసేది కాదు, నాకు ఆ పని చెయ్యడం రాదు, ఆ పని జరుగుతుందన్న ధ్యాస కూడా రాదు. పొద్దున్నే బయటికి వస్తే వీధంతా ముగ్గులు ఉండేవి, అంతే, అవి ఎప్పుడు వస్తాయో, వాటి కింద ఏముండేదో నలభై మూడేళ్ళలో ఒక్కసారి ఆలోచించలేదు.

మర్నాడు అందరికంటే ముందు ఉన్నది హేమ. ఆ మలుపు దగ్గరికి వచ్చేసరికి రోడ్డు మీద బాణం లేదు, నేరుగా వెళ్ళిపోయింది. ఆ వెనకే జయపాల్ గారు బండి మీద వచ్చి, వెలుతురు బాగుందని అదే మూలలో ఫొటోలు తీస్తూ నిలబడ్డారు, మిగతావాళ్ళంతా ఆయన్ని చూసి కుడికి తిరిగారు. కోట మీద లెక్క పెట్టుకుంటే హేమ లేదు. తొమ్మిదిన్నరకు ఒక మేకల కాపరి ఆమెను భుజం ఆసరాతో దింపుకుని వచ్చాడు. క్వారీ రాళ్ళలో జారిపడి మోకాలి లిగమెంటు తెగింది. ఆస్పత్రికి తీసుకెళ్ళాం, నేనే ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను, అప్పుడే గుంపులో మెసేజీలు మొదలయ్యాయి, మార్కింగ్ సరిగ్గా చెయ్యలేదా, ఎవరు చేశారు, ఇలా అయితే ఎలా అని. నా చెయ్యి హేమ చేతిలోంచి తీసి ఫోను అందుకున్నాను. మార్కింగ్ ఉంది, ఫొటో చూడండి, అని పెట్టాను. కింద నలభై మంది బొటనవేళ్ళు చూపించారు. పాపం హేమ మాటల్లో పడి చూసుకోలేదేమో అని ఎవరో రాశారు. హేమ మంచం మీద ఆ ఫొటోను పెద్దది చేసుకుని చాలాసేపు చూసింది. "ఇంత పెద్ద బాణం," అంది. "ఇంత పెద్దది నాకు కనపడలేదంటే ఏంటే అర్థం?" అప్పటికి నాకూ తెలియదు, ఆ సంగతి గుర్తుపెట్టుకోవాలి, అప్పటికి నేను అబద్ధం ఆడలేదు, స్నేహితురాలి కంటే ముందు నా పేరు కాపాడుకున్నాను, అంతే. అదేం చిన్నది కాదులే.

కొండ వీపు వచ్చింది. చెట్లు ఇక్కడ పొట్టివి, గాలి చల్లగా ఉంది. ఆరూ ముప్పై ఒకటి. అటువైపు కరెంటు స్టేషను పొగగొట్టాలు మంచులోంచి పైకి వచ్చి ఉన్నాయి, వాటి అవతల కృష్ణ ఉండాలి, ఇంకా తెల్లని పొరే కనపడుతోంది. ఇవతల కొండపల్లి పెంకులు, డాబాలు, పైన కోట గోడ. ఇంకా నాలుగున్నర కిలోమీటర్లు, దిగుడు. ఎప్పుడూ ఇక్కడ ఆగేవాళ్ళం, హేమ చీర కొంగు అలవాటు కొద్దీ బనీను అంచుతో ముఖం తుడుచుకునేది, నేను ఫొటో తీసేదాన్ని. ఇవాళ ఆగలేదు.

ఫిబ్రవరిలో, గుణదల పండగ అయిపోయిన తర్వాత వారం, పొణికి చెట్టు చూపించడానికి పిల్లల్ని బస్సులో కొండపల్లి తీసుకొచ్చాను. పొద్దున్నే వచ్చేశాం, ఆరు కూడా కాలేదు. వాళ్ళు టిఫిను తింటుంటే నేను నడుచుకుంటూ ఆ మూలకు వచ్చాను, ఎందుకో, హేమ దారి తప్పిన చోటు చూద్దామన్నట్టు. అరుగు దిగి ఒకావిడ వాకిలి చిమ్ముతోంది, నీళ్ళు చల్లింది, చీపురుతో రుద్దింది, చుక్కలు పెట్టడం మొదలుపెట్టింది. సరిగ్గా నా బాణం ఉన్న చోట. నిలబడిపోయాను. రోజూ వేస్తారాండీ అని అడిగాను. "రోజూ వెయ్యకపోతే ఎట్టాగమ్మా? సంక్రాంతి నెలపట్టిన రోజుల్లోనైతే నాలుగింటికే లేచి పెద్దది వేస్తాం" అంది. ముందురోజు ఎవరైనా ఇక్కడ ఏదైనా గీసి పోతే అన్నాను. "గీశారమ్మా, మొన్న నెలపట్టినప్పుడే. తెల్లగా ఇంత బాణం గీసిపోయారు ఎవరో. పైపుల కోసం రోడ్డు తవ్వేవాళ్ళేమో అనుకున్నా. నా వాకిట్లో తవ్వేదేంటని రెండు బిందెలు పోసి కడిగేసి పద్మం వేశా." చెప్పి నవ్వింది, తన పేరు సీతారావమ్మ అంది, నా పేరు అడిగింది, ఏ ఊరని అడిగింది, ఏడింటికి ఎండ అరుగు మీదికి వస్తుంది, అప్పుడు కూర్చుని బొమ్మలకు రంగులేస్తా, ఉండి చూసిపో అంది. ఉండలేదు. బస్సులో పిల్లలు పాటలు పాడుతుంటే ముందు సీట్లో కూర్చుని, ఇవాళే చెప్పేయాలి అనుకున్నాను. సాయంత్రానికి, రేపు. రేపటికి, ఆమె మోకాలు కాస్త కుదుటపడనీ.

మోకాలు కుదుటపడింది, ఆరు నెలల్లో మామూలుగా నడిచింది. కుదుటపడనిది ఇంకోటి. మార్కెట్టులో చేపను దూరం నుంచి ఎంచడం మానేసింది, పెట్టె దగ్గర కూర్చుని ఒక్కొక్క దాని మొప్ప తెరిచి చూస్తుంది, మూసి మళ్ళీ తెరుస్తుంది. అమ్మేవాళ్ళు నవ్వుకుంటారు. స్కూటీ తాళం నాగబాబు చేతికి ఇచ్చేసింది, బాణం కనపడని దానికి లారీ కనపడుతుందా అని. నాగబాబు కూడా మొదట్లో ఆటపట్టించాడు, తర్వాత మానేశాడు, భయపడ్డాడు. ఏప్రిల్లో కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఒక్కదాన్నే పోలేను, నువ్వు రా అంది. వెళ్ళాను. కళ్ళు బాగానే ఉన్నాయమ్మా, ఏ లోపమూ లేదు అన్నాడాయన. బయటికి వచ్చి ఆటో ఎక్కుతూ, "కళ్ళు కాదంటే ఇంక బుర్రేనే" అంది, మామూలుగానే అంది, ఆ రోజు ఎండ ఎలా ఉందో చెప్పినట్టు. నేను పక్కనే కూర్చున్నాను, నోట్లో నాలుక ఉంది, ఆటో బెంజి సర్కిల్ దాకా సిగ్నళ్ళ దగ్గర ఆగుతూ ఆగుతూ పోయింది, చెప్పడానికి కావలసినంత సమయం ఉంది. చెప్పలేదు. ఈ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

గుణదల గుడిలో పాపసంకీర్తనం చేశాను, ఈస్టరుకు ముందు ఒకసారి, ఆగస్టులో ఒకసారి. ఫాదర్ గారు రెండోసారి, "ఆవిడకి చెప్పావా అమ్మా?" అన్నారు. దేవుడికి చెప్పాను కదా ఫాదర్ అన్నాను. "దేవుడి మోకాలు బాగానే ఉంది" అన్నారు ఆయన. బయటికి వచ్చి ప్రాయశ్చిత్తంగా ఆయన ఇచ్చిన జపాలన్నీ మెట్ల మీద నడుస్తూ చెప్పుకున్నాను, కొండ దిగేసరికి అయిపోయాయి, చెప్పాల్సిన మాట మాత్రం అలాగే ఉంది. మొన్న క్రిస్మస్‌కి హేమ కొర్రమేను పంపింది, శుభ్రం చేసి, ముక్కలు కోసి, ఎప్పుడూ పంపేదే. ఎప్పుడూ చెయ్యనిది ఒకటి చేసింది, మధ్యాహ్నంలోపు మూడుసార్లు ఫోను చేసింది. బాగుందా, వాసనేమీ లేదుగా, చూసే తీశానులే కానీ ఎందుకైనా మంచిదని. మూడోసారి ఫోను పెట్టేశాక పళ్ళెం ముందు కూర్చుని ఏడ్చాను, స్టీఫెన్ ఏమిటన్నాడు, చెప్పాను, మొత్తం చెప్పాను. అతను ముక్క నోట్లో పెట్టుకోబోయి ఆగి, "ఇది నాకెందుకు చెబుతున్నావు?" అన్నాడు. నిన్న రాత్రి జయపాల్ గారు గుంపులో ఎవరు ఎక్కడ నిలబడాలో పెట్టారు, కోట మలుపు, హేమ గారు. ఆమే అడిగి తీసుకుందట ఆ చోటు. నాకు కనపడనిది ఇంకొకళ్ళకి కనపడకుండా పోకూడదు అందట.

ఊరు. మొదటి ఇల్లు, మొదటి కుక్క, నాతో కాసేపు పరిగెత్తి విసుగొచ్చి ఆగిపోయింది. ఆరూ నలభై తొమ్మిది. వీధి పొడుగునా ముగ్గులు, ఒక్కొక్కటీ పక్కకు జరిగి దాటుతున్నాను, తొక్కకుండా, నిరుడు ఇదే వీధిలో అన్నీ తొక్కుకుంటూ పోయి ఉంటాను. గుమ్మాల్లో పొణికి చెక్కలు ఎండబెట్టి ఉన్నాయి, రంగు వెయ్యని ఏనుగులు వరసగా. కాళ్ళు బరువెక్కాయి, ఇప్పుడు నెమ్మదించొచ్చు, నెమ్మదిస్తే ఏడు దాటుతుంది, సీతారావమ్మ గారే చెప్పేస్తుంది, నా నోరు తెరవాల్సిన పని ఉండదు, ఆ ఆలోచన ఎంత హాయిగా వచ్చి పక్కన నిలబడిందో. ఇంకో ఆలోచన కూడా. హేమ ఇప్పటికి గంట నుంచి ఆ ముగ్గు ముందే కూర్చుని ఉంది, ఆమెకే తట్టి ఉండొచ్చు కదా. తట్టదు. కళ్ళెదుట ఉన్నదాన్ని నమ్మడం మాన్పించాను కదా నేను. పరిగెత్తాను. బోరింగు దాటాను, మసీదు సందు దాటాను.

మూల తిరగ్గానే ముందు చెయ్యి కనపడింది. నారింజ రంగు కోటు, మోకాలికి నల్లపట్టీ, కుర్చీలోంచి లేచి నిలబడి చెయ్యి కుడివైపుకు చాచింది. "కుడికండీ, కుడికి… ఏవే, నువ్వా. ఇంత తొందరగా వచ్చావేంటి, ఎవరన్నా తరుముతున్నారా?" గ్లాసు నింపి చేతిలో పెట్టింది. వాకిట్లో పెద్ద ముగ్గు, ఎనిమిది రేకుల పద్మం, ఇంకా తడి ఆరలేదు. ఇంట్లోంచి గిన్నెల చప్పుడు, సీతారావమ్మ గారి గొంతు, "వస్తన్నా ఉండమ్మా హేమా, రంగు కలిపి వస్తన్నా." అప్పుడే పేర్లు తెలిసిపోయాయి. ఇంకా మాటల్లో పడలేదు.

"నిరుడు ఇక్కడ బాణం లేదు," అన్నాను.

"ఏంటీ?"

"నువ్వు వచ్చేసరికి లేదు. నేను సాయంత్రం గీశాను, ఫొటో తీసింది సాయంత్రం. తెల్లారగట్ల ఈవిడ వాకిలి కడిగి ముగ్గేసింది. నా బాణం ముగ్గు కిందికి పోయింది. నీకు కనపడకపోవడం కాదే. అది అక్కడ లేదు."

హేమ ముగ్గు వైపు చూసింది. చాలాసేపు చూసింది, మార్కెట్టులో ఒకప్పుడు చూసినట్టు, వంగకుండా, నిలబడ్డ చోటు నుంచే. "ఎప్పుడు తెలిసింది నీకు?" అంది.

ఇప్పుడే. ఈ ముగ్గు చూశాకే తట్టింది. ఆ మాట తయారుగా నాలుక చివరకు వచ్చేసింది, ఎంత చక్కని మాట, ఎవరికీ నష్టం లేదు, ఆమె కన్ను ఆమెకు తిరిగి వస్తుంది, నా స్నేహం నాకు మిగులుతుంది, పొద్దున్నుంచీ తొమ్మిది కిలోమీటర్లలో ఈ ఒక్క ప్రశ్న వస్తుందని ఎందుకు అనుకోలేదో నేను.

"ఫిబ్రవరిలో," అన్నాను.

"ఫిబ్రవరి," అంది హేమ. "కళ్ళ డాక్టరు దగ్గరికి పోయింది ఏప్రిల్లో."

"అవును."

"నువ్వు నాతో వచ్చావు."

"వచ్చాను."

వెనక అడుగుల చప్పుడు. మా గుంపులో కొత్తగా చేరినతను, పేరు కూడా నాకు తెలియదు. హేమ చెయ్యి చాచింది, "కుడివైపండీ, మెట్లు తడిగా ఉన్నాయి, చూసుకుని" అంది, గొంతులో ఏ తేడా లేదు. అతను థాంక్స్ చెప్పి తిరిగాడు. సీతారావమ్మ గారు గిన్నెలతో గుమ్మంలోకి వచ్చి, నన్ను చూసి, గుర్తుపట్టబోతున్నట్టు నుదురు చిట్లించింది. హేమ నా చేతిలో గ్లాసు తీసుకుని, మిగిలిన నీళ్ళు ముగ్గు మీద పడకుండా రోడ్డు అంచున పారబోసింది. "ఫొటో ఎక్కడ పెట్టావో అక్కడే చెప్పు," అంది. "రాయడం కాదు. నోటితో చెప్పు."

ఫోను తీశాను. గుంపు తెరిచి, మాట రికార్డు చేసే మైకు గుర్తు నొక్కి పట్టుకున్నాను. నేను వినీలను మాట్లాడుతున్నాను అన్నాను, నిరుడు కోట మలుపులో హేమ తప్పేమీ లేదు, ముగ్గేసే వాకిట్లో నేను బాణం గీశాను, అది తెల్లారేసరికి చెరిగిపోయింది, ఆమెకు కనపడటానికి అక్కడ ఏమీ లేదు, ఈ సంగతి నాకు ఫిబ్రవరి నుంచి తెలుసు, చెప్పలేదు, తప్పు నాది. అంతే. ఇరవై మూడు సెకన్లు. పది నెలలు మోసింది ఇరవై మూడు సెకన్లలో అయిపోయింది. తలెత్తితే హేమ నన్ను చూడటం లేదు, నేను వచ్చిన వీధి వైపు చూస్తోంది. "వెళ్ళు," అంది. "వెనకాల వాళ్ళు వస్తన్నారు." నవ్వలేదు. క్షమించానన్న మాట లేదు, నేను అడగనూ లేదు.

కుడికి తిరిగాను. మెట్లు మొదలయ్యాయి, పాతవి, అరిగిపోయినవి, మధ్యలో గడ్డి, ఎండ ఇంకా గోడ పైఅంచు మీదే ఉంది. పది మెట్లు ఎక్కానో లేదో కింద నుంచి నా గొంతే వినపడింది, నేను వినీలను మాట్లాడుతున్నాను, హేమ ఫోను పెద్దగా పెట్టుకుని వింటోంది. అయిపోయింది. మళ్ళీ మొదటి నుంచి పెట్టింది. రెండోసారి సీతారావమ్మ గారి గొంతు కూడా కలిసింది, "అయ్యో, ఆ బాణం మీదేనా తల్లీ" అని. నేను ఎక్కుతూనే ఉన్నాను, ఊపిరి లెక్క తప్పింది, కళ్ళు మసకబారి మెట్టు సరిగ్గా కనపడలేదు, గోడ పట్టుకున్నాను. అప్పుడు హేమ మాటలు వినపడ్డాయి, ఫోనులో ఎవరితోనో.

"ఏవయ్యా, స్కూటీ తాళం ఎక్కడ పెట్టావు? ... ఎందుకో వచ్చాక చెప్తా. ముందు ఎక్కడుందో చూడు."

అటువైపు నాగబాబు ఏదో అడిగినట్టున్నాడు. ఆమె మళ్ళీ అడిగింది, ఈసారి ఇంకొంచెం గట్టిగా, తాళం ఎక్కడ పెట్టావని.